కొబ్బరినూనె తాగిన బొమ్మ

నేను ఒకప్పుడు పనిచేసిన ఇంటి మనవరాలు నూరా వచ్చేసరికి పప్పులో తిరగమాత వేస్తున్నాను. మస్కట్ పక్క అల్ హైల్‌లో మా రూమ్ ఉన్న సందు ఆ పిల్ల కారుకు చాలదు. చివర టైర్ల షాపు దగ్గర కారు ఆపి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. చంకలో బల్లపరుపుగా ఉన్న పెద్ద అట్ట కవరు. నా ముందు పదిహేను క్యారియర్లు మూతలు తీసి ఉన్నాయి, సైట్ల మీద మనవాళ్లకు మధ్యాహ్నం అన్నం నేనే పంపుతాను. "ఓబూ ఆంటీ, నువ్వింకా అలాగే ఉన్నావ్" అంది హిందీలో. పళ్లు సగం ఊడి, మోకాళ్లు మాట వినని మనిషిని పట్టుకుని అలా అనగలిగిందంటే పెద్దింటి పెంపకమే. కవరు మంచం మీద పెట్టి, తాతయ్య పోయి నలభై రోజులు దాటిందనీ, మత్రాలో ఇల్లు ఖాళీ చేస్తున్నామనీ, సామాను సర్దుతుంటే ఈ కవరు దొరికిందనీ, దాని మీద తాతయ్య చేతిరాతతో నా పేరుందనీ చెప్పింది. నా పూర్తి పేరు ఓబులమ్మ. ఆ ఇంట్లో అది ఎవరి నోటా పలకక ఓబూ అయిపోయింది. కవరు మీద కూడా అంతే రాశాడట. లోపల ఏముందో తెరవకుండానే నాకు తెలుసు. చేతులకు పప్పు అంటింది, కడుక్కుని చూస్తానులే అని చెప్పి, అవసరం లేకపోయినా ఇంకో పోపు వేశాను.

కడప జిల్లాలో నాపరాళ్ల గనుల పక్క ఊరు మాది. నాయన గనిలో పలకలు కోసేవాడు, అమ్మ రాతిముక్కల మొరుసు మోసేది, నేను ట్రాక్టరుకు పలకలు ఎక్కించేదాన్ని. పద్నాలుగేళ్లప్పుడు ఒక పలక జారి నా కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర నలిగిపోయింది. ఊళ్లో కాంపౌండరు ఆ ముక్క తీసేసి కుట్లు వేశాడు. దానికి నేను ఏడవలేదు, మళ్లీ సోమవారం గనికి పోవాల్సి వచ్చినందుకు ఏడ్చాను. ఆ దుమ్ము, ఆ ఎండ, ఎప్పుడూ తెల్లగా ఉండే నాయన కనురెప్పలు, రాత్రంతా ఆయన దగ్గు. పెళ్లయినా ఆ గని తప్పలేదు, మొగుడూ అందులోనివాడే. అతను పోయాక మా మేనత్త ఎవరినో పట్టుకుని మస్కట్ వీసా తెప్పిస్తే, విమానం ఎక్కేటప్పుడు నేను వెనక్కి తిరిగి చూడనేలేదు. చచ్చినా మళ్లీ ఆ గనికి పోకూడదు అనుకున్నాను. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత నేను చేసిన దానికి సాకుగా మాత్రం కాదు.

బాబా వాళ్ల ఇల్లు మత్రాలో, సూక్ బజారు వెనక మెట్ల సందులో. ఇంటాయన్ని, అదే నూరా తాతయ్యను, బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవాలి. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ అదే అలవాటు. మామా భారీ మనిషి, షుగరు, కాళ్లు వాపు. అయినా వంటింట్లో ఉప్పు డబ్బా తాళం కూడా ఆమె నడుముకే వేలాడేది. పొద్దున్నే ఇల్లంతా సాంబ్రాణి పొగ, దాని మీద ఏలకుల కాఫీ వాసన, ఆ రెండిటి కిందా సముద్రం వైపు నుంచి వచ్చే చేపల నీచు. ఇప్పటికీ ఎక్కడైనా ఏలకులు దంచితే ముందు నాకు చేపలే గుర్తొస్తాయి. నా కన్నా ముందే ఆ ఇంట్లో సత్యవతక్క ఉండేది. గోదావరి పక్కన లంక గ్రామం మనిషి. వంట ఆమెది, గదులు నావి. మేమిద్దరం పడుకునే గది మెట్ల కింద, కాళ్లు చాపితే గోడ తగిలేది. ఆమె తలకు వాళ్ల ఊరి కొబ్బరినూనె, నాది ఆముదం. "నీ తల ఆవదం కంపు కొడతాందే పిల్లా, అటు తిరిగి పడుకో" అనేది. అంటూనే నా జడ విప్పి తనే చిక్కు తీసేది.

బాబా కుర్రతనంలో ఓడల మీద తిరిగి, ఫ్రాన్సులో కొన్నేళ్లు ఉండి వచ్చాడు. ఆ దేశం నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్క బొమ్మ. ఏదో నది ఒడ్డున పాత కాగితాలు అమ్మే కొట్లో కొన్నాడట. మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లు కూచునే ముందుగదిలో, ఆయన కుర్చీకి ఎదురు గోడ మీద ఉండేది. ఒక ఏరు వంపు తిరుగుతుంది, ఇవతల ఒడ్డున మూడు పెద్ద చెట్లు, చెట్ల వెనక సగం కూలిన బురుజు, రేవులోంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడమనిషి, నీళ్లల్లో ఒక ఆవు. ఆ మనిషి చిటికెన వేలి గోరంత. చెట్లు మాత్రం కాగితం పై అంచు దాకా. రంగు లేదు, నలుపే. కానీ ఒక నలుపు కాదు. దగ్గరి చెట్లు మసిబొగ్గు, బురుజు బూడిద, అవతలి కొండలు ఊదితే ఎగిరిపోయేంత పలచన. వెలుతురు ఉన్న చోట అసలేమీ గీయలేదు, కాగితాన్ని కాగితంగా వదిలేశాడు. బాబా పొద్దున నమాజు అయ్యాక కాఫీ గిన్నె పట్టుకుని దాని ముందు కూచునేవాడు. చేతిలో భూతద్దం. నేను గుడ్డ పట్టుకుని దుమ్ము తుడుస్తుంటే, ఒకరోజు పిలిచి ఆ అద్దం నా చేతికిచ్చాడు. చూస్తే ఎక్కడా గీత లేదు! అంతా గరుకు గరుకుగా చుక్కలు, గోడ మీద బొగ్గు రుద్దినట్టు.

"ఇది కాగితం మీద గీసింది కాదు ఓబూ. రాయి మీద గీశారు. హజర్" అన్నాడు తన విరిగిన హిందీలో. ఆయనకూ నాకూ హిందీ ఒకటే పాళ్లలో రాదు కాబట్టి ఒకరిమాట ఒకరికి బాగా అర్థమయ్యేది. "జిడ్డు ఉన్న పెన్సిల్‌తో రాయి మీద గీస్తారు. తర్వాత రాయంతా తడుపుతారు. జిడ్డు ఉన్న చోట నీళ్లు నిలవవు. నీళ్లు ఉన్న చోట సిరా అంటదు. అప్పుడు కాగితం పెట్టి అదుముతారు. ఈ చుక్కలన్నీ ఆ రాతి గరుకే."

నాకు నవ్వొచ్చింది. మా వంటింటి నాపరాళ్ల మీద నూనె ఒలికితే ఆ మచ్చ మీద నీళ్లు పోసినా జారిపోతాయి, మా అమ్మ తిడుతూ బూడిద వేసి రుద్దేది. ఇందుకోసం ఫ్రాన్సు దాకా పోవాలా? అదే చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. మా ఊరి రాయి గురించి ఎన్ని అడిగాడో! రంగేమిటి, పొర ఎంత మందం, గోరుతో గీస్తే గీత పడుతుందా. ఈ బొమ్మలకు వాడేది కూడా సున్నపు జాతి సన్నరాయేనట. "మరి మీ నాన్న కోసిన రాయి మీద ఎవరూ బొమ్మ గీయలేదా?" అన్నాడు.

"దాని మీద అన్నం తింటాం బాబా. మనిషి పోతే దాని మీదే పడుకోబెట్టి కడుగుతాం" అన్నాను.

"అయితే మీ నాన్నది గొప్ప పని ఓబూ" అన్నాడాయన. ఆ రోజు నుంచి నేను ఆ ఇంట్లో గదులు తుడిచే మనిషిని మాత్రమే కాదనిపించింది. నాయన పనికి ఒక మర్యాద ఉందని నాకు మొదట చెప్పింది ఆయనే. మన దేశం వాళ్లెవరూ చెప్పలేదు.

సత్యవతక్కకు ఈ రాయి గొడవ పట్టదు. ఆమెకు అది గోదారి. మజ్లిస్‌లోకి కాఫీ తెచ్చినప్పుడల్లా గిన్నె కింద పెట్టి ఓ నిమిషం నిలబడిపోయేది. "శీతాకాలం పొద్దున్న మంచు దిగితే మా అవతలొడ్డు అచ్చం ఇలాగే అలికేసినట్టుంటాది. అదుగో, ఆ మూటావిడ మా అమ్మే. రేవులోంచి వత్తాంది సూడు."

"యాడ చూసినా నీకు గోదారే కనపడ్తాది కదక్కా. సముద్రం పక్కనే ఉండాది, దాన్ని చూడరాదా?"

"సముద్రం ఉప్పే అమ్మాయ్. దాన్నేం సూత్తాం."

వాళ్లాయన అనుమానం మనిషి. నెలకోసారి ఎవరో ఒకరి చేత క్యాసెట్టు పంపేవాడు. రెండువైపులా తిట్లే. ఎవరితో మాట్లాడుతున్నావు, ఎవరి పక్కన కూచుంటున్నావు, మధ్యలో వచ్చేశావంటే ఏం వెలగబెట్టావో ఊరంతా తెలుస్తుంది, రెండేళ్లూ పూర్తిచేసుకుని పద్ధతిగా రా. వంటింట్లో టేప్‌రికార్డర్ చిన్నగా పెట్టుకుని ఆ తిట్లే మళ్లీ మళ్లీ వినేది, వెనక ఎక్కడో వాళ్ల పాప గొంతు వినపడుతుందని. రెండేళ్లు నిండటానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి. సూట్‌కేసు అప్పుడే కొనిపెట్టుకుంది.

ఆ ఏడు ఎండలకు తోడు గాలిలో చెమ్మ విపరీతంగా ఉండి, మేకు తుప్పు పట్టి బొమ్మ కింద పడింది. అద్దం పగిలింది. బొమ్మకు ఏం కాలేదు కానీ, బయటికి తీస్తే నల్లటి చెట్ల మీద తెల్లగా బూజు పొర. అద్దం వెనక ఎప్పటినుంచి పట్టిందో మరి. సూక్‌లో ఫ్రేములు కట్టే అతను ఖురియాత్ వెళ్లాడు, రెండు రోజుల్లో వస్తాడన్నారు. బాబా బొమ్మను బల్ల మీద పరిచి పైన తెల్లగుడ్డ కప్పించాడు. సత్యవతక్క గుడ్డ ఎత్తి చూసి, "అయ్యో, గోదారి ఎండిపోయిందే" అంది. నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

మా గని దగ్గర బేరానికి మనిషి వస్తే నాయన ఒక పని చేసేవాడు. పలక మీద దుమ్ము పట్టి తెల్లగా, పాలిపోయి ఉంటుంది. చేతిలో కాస్త నూనె పోసుకుని అరచేత్తో ఒక్కసారి రుద్దితే నలుపు నిగనిగలాడుతూ పైకి లేస్తుంది. "సూడు సామీ, లోపల ఎంత నలుపుండాదో" అనేవాడు. గడపలకూ, పండగనాడు అరుగులకూ అమ్మ చేసేదీ అదే. నాకు తెలిసిన లోకంలో తెల్లబోయిన నలుపుకు మందు నూనె. పైగా ఈ బొమ్మ పుట్టిందే రాయి మీద జిడ్డుతోనని బాబా స్వయంగా చెప్పాడాయె. నేను తెలివైనదాన్ననుకున్నాను. అక్క ఊరికి పోయేలోపు ఆమె గోదారి నింపి చూపించాలనుకున్నాను. ఆముదం చిక్కన, అందుకని ఆమె సీసా తీసుకున్నాను. అడగలేదు. అడిగితే ఎందుకని చెప్పాలి కదా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకుంది. ఏసీ మోత తప్ప చప్పుడు లేదు. గుడ్డ తీసి చెట్ల మీద రుద్దాను. ఏం చెప్పను! ఆ మూడు చెట్లూ అప్పుడే వాన వెలిసినట్టు లేచి నిలబడ్డాయి. ఆకుల వెనక ఆకులు, కొమ్మల వెనక చీకటి, అంతకు ముందు ఎవరికీ కనపడనివన్నీ కనపడ్డాయి. నా బతుకులో అంత అందమైనది నేను నా చేత్తో చేయలేదు. ఇక ఏరు మిగిలింది. పుడిసిట్లో నూనె వంపుకుని, కుడి అరచెయ్యి ఏటి మీద ఆనించి గట్టిగా అదిమిపట్టాను, బాగా ఇంకాలని. చెయ్యి తీసేసరికి చెట్లల్లోంచి బల్ల చెక్క గీతలు కనపడుతున్నాయి. కాగితం అద్దమైపోయింది. చూస్తుండగానే నూనె బురుజు దాటి, కొండలు దాటి, ఆకాశం దాకా పాకింది. నా పైటతో అద్దాను. ఇంకా పాకింది. గుడ్డ కప్పేసి, వెళ్లి బాత్రూమ్ కడిగాను. కడిగిందే కడిగాను.

మర్నాడు పొద్దున బాబా గుడ్డ ఎత్తి, అలాగే వంగి వాసన చూశాడు. అరవలేదు. ఇంట్లో కొబ్బరినూనె ఒక్కరిదే. మామా మెట్ల కింద గదిలోంచి సీసా తెచ్చింది. సగానికి దిగిపోయి ఉంది. అక్కను మజ్లిస్‌లో నిలబెట్టారు. నేను తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఉన్నాను.

"సత్యా, కాగితం పోతే పోయింది" అన్నాడు బాబా. "నువ్వు రోజూ దీన్ని చూస్తావని నాకు తెలుసు. ముట్టుకోబుద్ధి అయి ఉంటుంది. చేశానని ఒక్క మాట చెప్పు. ఉంచుకుంటాను. అబద్ధం మాత్రం నా ఇంట్లో వద్దు."

"నేను సెయ్యలేదండి బాబా. ఒట్టండి. నాకేం తెల్దండి."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పింది. క్షమాపణ బల్ల మీద పెట్టి ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. చేసినదాన్ని నేను పక్కనే ఉన్నాను. చేయనిది చేశానని చెప్పడం ఆమెకు చేతకాలేదు, చేసింది చెప్పడం నాకు చేతకాలేదు. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే చాలు. నా కళ్ల ముందు గని, నాయన కనురెప్పలు, ట్రాక్టరు. బాబా ఉంచుకుంటాడని ఒక మనసు, మామా ఉంచుకోదని ఇంకో మనసు. అలా అనుకుంటుండగానే మామా "ఖలాస్" అనేసింది. పాస్‌పోర్టు, టికెట్టు మూడు రోజుల్లో అయిపోయాయి.

సూట్‌కేసు సర్దడానికి నేనే సాయం చేశాను, చూడండి నా ధైర్యం. అంతా సర్దాక ఆమె ఆ సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఉంచుకో ఓబులమ్మా. తలకి రాసుకో. ఆవదం మానెయ్యి ఇంక." నా చేతి వంక చూస్తూ అంది. తెలిసి అందో తెలియక అందో నేను అడగలేదు. ఆమె కారు సందు దిగాక సీసాను సింకులో ఒంపేశాను. సింకు రెండు రోజులు వాసన కొట్టింది.

అక్కకు మొగుడు తలుపు తీయలేదట. ఈ సంగతి నాకు నాలుగేళ్ల తర్వాత వాళ్ల లంక నుంచే వచ్చిన ఇంకొకామె చెప్పింది. మధ్యలో పంపేశారంటే ఏదో చేసే ఉంటుందని ఊరు ఊరంతా తేల్చేసింది. పాపను చూడనివ్వలేదు. రాజమండ్రిలో ఎవరి హాస్టల్లోనో గిన్నెలు తోముతూ, జ్వరం పట్టి పోయింది. "ఎవరు కనపడినా నేనేం సెయ్యలేదండి అనేదంట. ఆఖరికి పిచ్చిదానికింద కట్టేశారు" అని చెప్పి, నా మొహం చూసి, "మీకు బాగా తెలుసా అండి ఆవిడ?" అని అడిగింది. ఒకే ఇంట్లో పనిచేశాం అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒకరోజు బాబా పెట్టెలోని పాత కాగితాలు ఎండకు వేయాలని అన్నీ తీసుకుని కూచున్నాడు. చాలాసేపు అలికిడి లేదు. నీళ్లు తెమ్మంటే తీసుకెళ్లాను. గ్లాసు పెడుతుంటే నా చేతినే చూస్తున్నాడు.

"ఓబూ, నీ వేలు ఎప్పుడు తెగింది?"

"చిన్నప్పుడు బాబా. రాయి పడింది."

కాగితాలన్నీ మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి మళ్లీ ఎప్పుడూ నాకు భూతద్దం ఇవ్వలేదు, రాయి గురించి ఎత్తలేదు. కాఫీ ఇస్తే గోడవైపు చూస్తూ అందుకునేవాడు. గోడ మీద మేకు మచ్చ తప్ప ఏమీ లేదు. పెద్దవాడైపోయాడులే అనుకున్నాను. మామా పోయాక నన్ను మర్యాదగానే వేరేచోటికి పంపాడు.

క్యారియర్లు బండి కుర్రాళ్లకిచ్చి వచ్చేసరికి నూరా కవరు తెరిచేసి ఉంది. చేతిలో ఫోను. "ఆంటీ, ఇదే బొమ్మ ఇంకోటి దొరికింది చూడు. ఏదో మ్యూజియంలో ఉందట. ఒక రాయి నుంచి ఇలాంటివి ఎన్నో తీసేవారు, తెలుసా?" వేళ్లతో పెద్దది చేసి చూపించింది. మూడు చెట్లు, బురుజు, మూటావిడ, ఆవు, ఏరు. చుక్క చుక్కా శుభ్రంగా ఉంది. ఇప్పుడు అల్ హైల్‌లో ఏ ఫోటోషాపుకు వెళ్లినా గోడంత చేసి ఇస్తారు. అక్క కూతురు కూడా ఇప్పుడు ఎక్కడో ఫోను చూసుకుంటూ ఉండి ఉంటుంది, వాళ్లమ్మ గోదారి ఈ తెరలో ఉందని ఆ పిల్లకు ఎవరు చెబుతారు? పోయిన బొమ్మ లోకంలో ఇంకా చాలాచోట్ల ఉంది. మనిషి ఒక్కతే ఉండింది.

"కానీ తాతయ్య దాచింది ఇది" అంటూ నూరా అసలు కాగితాన్ని మంచం మీద పరిచింది. ఆ రోజు నేను చూసింది ఆకారం లేని తడి మరక. అది ఎన్నో ఏళ్లు ఆరి, ముదిరి, ఎక్కువ నూనె తాగిన చోట గోధుమరంగుకు తిరిగింది. ఏటి మీద ఒక అరచెయ్యి. గీతలతో సహా. నాలుగు వేళ్లు నిండుగా, చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ఆగిపోయి. ఆ మూటావిడ సరిగ్గా దాని కిందికి వచ్చి మునిగిపోయింది.

అంటే ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. అక్కను తిరిగి పిలవడానికి అప్పటికే ఆలస్యమైందని ఆయనకు తెలియదు. పిలవలేదు కూడా. పిలిస్తే ఆయన తప్పు ఆయన ఒప్పుకోవాలి. అబద్ధం వద్దన్న ఇంట్లో ఇద్దరం దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాం.

"ఎవరి చెయ్యి ఆంటీ ఇది?" అంది నూరా. అడగాలని అడిగిందే తప్ప ఆ పిల్ల మనసులో ఏమీ లేదు.

ఆ ఇంట్లో అప్పటివాళ్లు ఇంకెవరూ మిగలలేదు. నన్ను గనికి పంపేవాళ్లు లేరు, ఆ గనే మూతపడింది. నాయన లేడు, మామా లేదు, బాబా లేడు. చెబితే నాకు పోయేది ఏమీ లేదు. నూరా నా వైపే చూస్తోంది. నా కుడిచెయ్యి దానంతట అదే పైట చాటుకు పోయింది.

"తెలియదమ్మా" అన్నాను.